ముందు మిక్సీకి చోటు, ఆ తర్వాతే ప్లగ్గుకు

ప్రశ్న: మాది గుంటూరులో 18 ఏళ్ల కిందటి ఫ్లాటు. ఇన్నాళ్లకు వంటిల్లు మార్పించుకుంటున్నాం. 10 అడుగులకు 8 అడుగుల గది. తూర్పు గోడ పొడవునా గట్టు, ఆగ్నేయం వైపు స్టవ్, ఈశాన్యం వైపు సింకు, రెంటికీ మధ్య మూడడుగుల ఖాళీ. మూల తిరిగి దక్షిణం గోడ వెంట గట్టు ఆరడుగులు వస్తుంది. పడమర గోడకి ఫ్రిజ్. ఉత్తరాన యుటిలిటీ బాల్కనీ తలుపు. ఇప్పుడున్నవి రెండే ప్లగ్గులు. ఒకటి ఫ్రిజ్‌కి పోతే, రెండోదానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి మిక్సీ, ఓవెన్, కెటిల్ నడుపుతున్నాం. ఓవెన్, కెటిల్ నడుస్తుండగా మిక్సీ వేస్తే కరెంటు పోతుంది. ఎలక్ట్రీషియన్ రోజూ వచ్చి "పాయింట్లు ఎక్కడ కావాలో చెప్పండమ్మా, గోడ కొట్టాలి" అంటున్నాడు. మావారేమో ఎక్కడ పడితే అక్కడ పెట్టించేద్దాం అంటారు. గ్రానైట్‌లోంచి పైకి లేచే ప్లగ్గు కూడా కావాలంటారు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు, వాళ్లింట్లో నాలుగడుగులకొకటి ఉంటుంది, అలాగే చేయించండి అంటుంది. మా అత్తగారు గ్రైండర్ కింద పెట్టుకుని, పీట మీద కూర్చుని రుబ్బుతారు. ఆవిడకి కిందే ప్లగ్గు కావాలట. నాకు ఎటూ తోచక టెన్షన్‌గా ఉంది. ఎన్ని, ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టించాలి? పాత వైర్లు ఉంచేయొచ్చా?
గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

ముందు ఆ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి రెండు రోజులాగి రమ్మనండి. కొంపలేం మునిగిపోవు. వంటింటి కరెంటు పనిలో తప్పులు ఎక్కువగా జరిగేది సరిగ్గా ఈ ఘడియలోనే. అతను సుత్తి పట్టుకుని నిలబడతాడు, మనం కంగారులో అదిగో అక్కడ, ఇదిగో ఇక్కడ అని గోడ మీద వేలు పెట్టి చూపిస్తాం. ఆ వేలు పెట్టిన చోటుతోనే మళ్లీ ఓ పదిహేనేళ్లు కాపురం చేయాలి.

ఈ రెండు రోజుల్లో ఇంట్లో కరెంటుతో నడిచే వంట సామానంతా ఒక కాగితం మీద రాయండి. అటక మీద మూలుగుతున్నవి కూడా. ఒక్కో పేరు పక్కన మూడు సంగతులు కావాలి. రోజూ వాడేదా, పండగకో పబ్బానికో దించేదా? ఎన్ని వాట్లు? (అడుగునో వెనకనో అంటించిన చీటీ మీద ఉంటుంది.) దాని వైరు పొడవెంత? ఈ మూడోది ఎవరూ కొలవరు. మీరు టేపు పెట్టి కొలవండి. ప్లగ్గు ఎక్కడ ఉండాలో సగం ఆ వైరే చెప్పేస్తుంది. ఇప్పుడు లేకపోయినా అయిదారేళ్లలో కొనే అవకాశం ఉన్నవి కింద విడిగా రాయండి. డిష్‌వాషర్ మాత్రం తప్పకుండా రాయండి. పనిమనిషి మానేసిన నెలలో అందరికీ అదే గుర్తొస్తుంది.

తర్వాత పాత న్యూస్‌పేపర్లు తీసుకుని మిక్సీ అడుగు సైజుకి ఒకటి, ఓవెన్‌కి ఒకటి, కెటిల్‌కి ఒకటి కత్తిరించండి. పాత గట్టు ఇంకా ఉంటే దాని మీద పరవండి, కొట్టేసి ఉంటే నేల మీద సుద్దముక్కతో కొత్త గట్టు గీసి అందులో పరవండి. ఇప్పుడు ఒక పొద్దుటి వంట ఉత్తుత్తిగా చేసి చూడండి. పాలు పొయ్యి మీద పెట్టారు, ఇడ్లీ కుక్కర్ ఎక్కించారు, చట్నీకి వేరుశనగ గుళ్లు వేయించారు, మిక్సీ వైపు తిరిగారు. ఎటు తిరిగారు? మీరు కుడిచేతి వాటం అయితే తూర్పు ముఖంగా నిలబడి కుడివైపుకు, అంటే దక్షిణం గట్టు మీదకి తిరుగుతారు. మిక్సీ కాగితం అక్కడ పెట్టండి. జార్ కడగడానికి సింకు దాకా నాలుగడుగులు నడవాలి, ఫరవాలేదు. ఇలా అన్నింటికీ చోటు కుదిరాక, ఏ కాగితం దగ్గర నిలబడితే చెయ్యి ఎక్కడికి అందుతుందో అక్కడ గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఎలక్ట్రీషియన్‌కి చూపించాల్సింది ఆ గుర్తు.

ఇదంతా చాదస్తంగా ఉందనుకుంటే నా సంగతి వినండి. ముప్పయ్యేళ్లుగా ఇళ్లకి వైరింగ్ చేయిస్తున్నవాణ్ణి. నా సొంత వంటింట్లో మిక్సీ ప్లగ్గు స్టవ్‌కి ఎడమపక్క పెట్టించాను, మిక్సీ ఏమో కుడిపక్కకి చేరింది. వైరు పొయ్యి వెనకనుంచి పోవాల్సి వచ్చింది. ఒక సంక్రాంతికి అరిసెల పాకం హడావిడిలో అది కాస్తా కరిగి గ్రానైట్‌కి అంటుకుంది. ఫ్రిజ్ ప్లగ్గు సరిగ్గా ఫ్రిజ్ వెనకే పెట్టించాను. తర్వాత పెద్ద ఫ్రిజ్ కొన్నాం. స్విచ్ ఆపాలంటే ఇద్దరం కలిసి ఫ్రిజ్ లాగాలి. మా ఆవిడ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది, "ఈయన కరెంటు ఇంజినీరండీ" అని.

అందుకే మీవారి 'ఎక్కడ పడితే అక్కడ' మాటకి నేను ఒప్పుకోను. చోటు తప్పిన ప్లగ్గులు పది ఉన్నా ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంట్లోంచి పోదు.

ఇక మీ వంటిల్లు గోడ గోడా చూద్దాం.

అన్నిటికంటే పని ఎక్కువ దక్షిణం గట్టు మీద. నీళ్లకి దూరం, మంటకి దూరం, మెషీన్లన్నీ చేరేది అక్కడే. మూల నుంచి రెండున్నర అడుగుల దగ్గర ఒక బోర్డు, అయిదడుగుల దగ్గర ఇంకో బోర్డు పెట్టించండి. ఒక్కోదాంట్లో రెండేసి సాకెట్లు, ఒక్కో సాకెట్‌కి దాని స్విచ్ దానికే. మొదటిది మిక్సీకీ కెటిల్‌కీ, రెండోది ఓవెన్‌కీ ఇండక్షన్ పొయ్యికీ. నాలుగూ 6 యాంప్స్ పిన్ను, 16 యాంప్స్ పిన్ను రెండూ పట్టే కంబైన్డ్ రకమే తీసుకోండి. మనవాళ్లు ఇంకా 5 యాంప్స్, 15 యాంప్స్ అనే అంటారు, షాపులో అలా అడిగినా ఇవే ఇస్తారు. గట్టు మీద విడిగా చిన్న ప్లగ్గు పెడితే, రేపు ఎయిర్ ఫ్రయర్ కొన్నాక దాని లావుపాటి పిన్ను పట్టక అడాప్టర్ కోసం పరిగెత్తాలి.

తూర్పు గోడకి, స్టవ్‌కీ సింకుకీ మధ్యనున్న మూడడుగుల్లో, నట్టనడుమ ఒక బోర్డు చాలు. అటు సింకు అంచుకీ ఇటు స్టవ్ అంచుకీ అడుగున్నర చొప్పున దూరం వస్తుంది. కుళాయి నుంచి రెండడుగులు ఉంటే ఇంకా మంచిది, కాబట్టి కుళాయిని సింకు మధ్యకో అవతలి పక్కకో పెట్టమని ప్లంబర్‌కి చెప్పండి. ఈ చోటు కూరలు తరుక్కోవడానికి. ఇక్కడ కావాల్సింది మజ్జిగ చిలికే బ్లెండర్ లాంటి చేతి సామానుకీ, యూట్యూబ్ పెట్టుకుని వంట చేసే ఫోను చార్జింగ్‌కీ. రెండు సాకెట్లు పెట్టి ఊరుకోండి. స్టవ్‌కి సరిగ్గా పైన, సింకుకి సరిగ్గా పైన గోడ మీద మాత్రం, చిమ్నీది తప్ప, ఎవరేం చెప్పినా వద్దు. పొయ్యి మీదుగా చెయ్యి చాపి స్విచ్ నొక్కాల్సిన పరిస్థితి రాకూడదు.

చిమ్నీకి ఒక 6 యాంప్స్ సాకెట్ చాలు. అయితే అది ఎంత ఎత్తులో, ఏ పక్క ఉండాలన్నది చిమ్నీ మోడల్ని బట్టి ఉంటుంది. మామూలుగా ఏడడుగుల దరిదాపుల్లో, పొగగొట్టానికి ఒక పక్కగా పెడతారు. గొట్టం కప్పే పెట్టె మధ్యలో పెట్టారంటే గొట్టమే దానికి అడ్డం వస్తుంది. చిమ్నీ ముందే ఎంచుకుని, దాంతో వచ్చే ఫిటింగ్ కొలతల కాగితం ఎలక్ట్రీషియన్‌కీ కార్పెంటర్‌కీ ఇద్దరికీ ఇవ్వండి. ఒకరికిస్తే రెండోవాడు తన ఇష్టానికి చెక్క బిగించేస్తాడు. వాటర్ ఫిల్టర్‌కి సింకు పక్క గోడ మీద, నీళ్ల చుక్కలు అందనంత పైన, అయిదడుగుల ఎత్తుకి తగ్గకుండా ఒక చిన్న ప్లగ్గు. ఫిల్టర్ కిందుగా పెట్టొద్దు, దాని పైపు ఏనాడో ఒకనాడు కారుతుంది.

ఫ్రిజ్‌ది వెనక వద్దు, నా కథ విన్నారుగా. పక్కన, నాలుగున్నర అడుగుల ఎత్తులో, చెయ్యి పెడితే స్విచ్ అందేలా.

డిష్‌వాషర్ ఇప్పుడు కొనకపోయినా దాని వైరు మాత్రం గోడలో వేయించేయండి. మెషీన్ వచ్చే గూటిలో కాకుండా పక్క గూటిలో, నీళ్ల పైపులు లేని వైపు సాకెట్ ఉండాలి. స్విచ్ గట్టు పైన. గట్టు కింద దాక్కునే ప్లగ్గు దేనికైనా ఇదే పద్ధతి పట్టుకోండి, ప్లగ్గు లోపల, స్విచ్ పైన. నీళ్లు కారిన రోజున వంగి, తడి గూటిలో చెయ్యి పెట్టి ఆపాల్సిన అవసరం రాకూడదు. సింకు కింద చిన్న గీజర్ పెట్టమని మాడ్యులర్ కిచెన్ వాళ్లు చెప్పి ఉంటారు. గుంటూరు ఎండలకి ఏడాదిలో సగం రోజులు ట్యాంకు నీళ్లే కాలుతుంటే గీజర్ ఎందుకో నాకు అర్థం కాదు. కావాలనే అనుకుంటే, నీళ్లు అప్పటికప్పుడు కాచే చిన్న గీజర్ కూడా 3000 వాట్లు లాగుతుంది, దానికి లైను పూర్తిగా వేరే వేయాలి.

అత్తగారి గ్రైండర్ సంగతి తేలిగ్గా తీసేయకండి. రెండు లీటర్ల గ్రైండర్ రాళ్లతో సహా పది కిలోలకి పైనే ఉంటుంది. దాన్ని ఆవిడ గట్టు మీదకి ఎత్తలేరు, మీరూ రోజూ ఎత్తలేరు. కింద వాడుకోనివ్వండి. కానీ ప్లగ్గు మాత్రం నేల నుంచి అడుగు ఎత్తులో వద్దు. మనం వంటిల్లు తుడవడంతో ఊరుకునే వాళ్లం కాదు కదా, శుక్రవారమో పండగో వస్తే బకెట్లతో నీళ్లు పోసి చీపురుతో కడుగుతాం. ఆ నీళ్లు గోడకి ఎంత ఎత్తున చిమ్ముతాయో టైల్స్ మీద మరకలు చూస్తే తెలుస్తుంది. ఉత్తరం గోడకి, సింకుకి దూరంగా, బాల్కనీ తలుపు పక్కన, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఒక సాకెట్ పెట్టించండి. పీట మీద కూర్చున్న మనిషికి చెయ్యి చాపితే అందుతుంది. మూత ఉన్న రకం తీసుకోండి. పిండి తీసే ముందు స్విచ్ ఆపి, చేతులు తుడుచుకుని పిన్ను పీకమని ఆవిడకి మీరు చెప్పే కంటే మీవారి చేత చెప్పించండి, వింటారు.

లెక్కేస్తే దక్షిణాన నాలుగు, మధ్యలో రెండు, చిమ్నీ, ఫిల్టర్, ఫ్రిజ్, గ్రైండర్, డిష్‌వాషర్, మొత్తం పదకొండు. రెండు నుంచి పదకొండు అంటే ఎక్కువనిపిస్తుంది. అన్నీ ఒకేసారి నడవవు, కానీ ఏ ఒక్కటీ ఇంకోదాని ప్లగ్గు పీకి పెట్టుకోనక్కర్లేదు.

ఎత్తు గురించి అడిగారు. గట్టు సాధారణంగా నేల నుంచి 32 నుంచి 34 అంగుళాల ఎత్తులో వస్తుంది. దాని మీద ఎనిమిది నుంచి పది అంగుళాలు వదిలి బోర్డు అడుగు అంచు రావాలి. అంతకంటే కిందికి వస్తే గట్టు కడిగినప్పుడు నీళ్లు, రుబ్బేటప్పుడు చిందిన పిండి, పోపు డబ్బాల వరస అన్నీ దానికే తగులుతాయి. మరీ పైకి పోతే వైరు పనిచేసే చేతికి అడ్డంగా వేలాడుతుంది, పై అలమర అడుగున లైటు పెట్టాలంటే చోటుండదు. ఇక్కడ చాలామంది బోల్తా పడే విషయం ఒకటుంది. కొలత దేని మీదనుంచి? పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి అంటిస్తున్నారా? అయితే నేల దాదాపు అంగుళం లేస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఎలక్ట్రీషియన్ పాత నేల నుంచి కొలిచి పెట్టెలు దించేస్తాడు, తర్వాత మేస్త్రీ నేల లేపుతాడు, కార్పెంటర్ గట్టు లేపుతాడు, చివరికి బోర్డు గ్రానైట్ నెత్తి మీద కూర్చుంటుంది. నీళ్ల గొట్టంతోనో లేజర్‌తోనో నాలుగు గోడలకీ ఒకే మట్టం గీత గీయించి, కొత్త నేల ఎక్కడికొస్తుందో ముందు తేల్చి, ముగ్గురూ ఆ గీత నుంచే కొలవాలని చెప్పండి.

గోడ పైన కనిపించే సంగతులు ఇవి. నాకు అసలు భయం గోడ లోపల ఉన్నదాని గురించి.

మీ ఓవెన్ 1300 వాట్లు అనుకుందాం, కెటిల్ 1500, మిక్సీ 750. కలిపితే 3550. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, భాగిస్తే 15 యాంపియర్లు దాటింది. మిక్సీ మొదలయ్యే క్షణంలో ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. అదే లైను మీద ఫ్రిజ్ కూడా ఉంటే 16 యాంపియర్ల ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయి లైను ఆపేసే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోక ఏం చేస్తుంది? అది పాడవలేదు, దాని పని అది చేసింది. దాని కంటే ముందు నలిగిపోతున్నది మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు. మామూలు బాక్సులు 6 యాంపియర్లకి, అంటే 1400 వాట్ల లోపుకే చేసినవి. ఓవెన్, కెటిల్ రెండూ కలిస్తేనే దానికి రెట్టింపు. పని పూర్తయ్యేదాకా ఆగకండి, ఈ రోజు నుంచే ఓవెన్, కెటిల్ ఆ బాక్సు మీద పెట్టడం మానేయండి.

ఎమ్‌సీబీ పడిపోతుందని చెబితే కొందరు 16 తీసి 32 బిగించి పోతారు. ఇక పడదు, నిజమే. వైరు మాత్రం అదే పాత వైరు, గోడలో వేడెక్కుతూ ఉంటుంది, ఆపేవాడు లేడు. ఎవరైనా అలా సలహా ఇస్తే టీ ఇచ్చి పంపేయండి.

పాత వైర్లు ఉంచేయొచ్చా అంటే, వద్దు. 18 ఏళ్ల కిందట కట్టిన ఫ్లాట్లలో చాలాచోట్ల వంటింటి మొత్తానికీ ఒకే లైను లాగారు. అప్పట్లో మిక్సీ, ఫ్రిజ్ తప్ప ఏముండేవి? ఇప్పుడు మెయిన్ బోర్డు నుంచి కొత్త లైన్లు లాగించండి. ఫ్రిజ్‌కి ఒకటి విడిగా, మీరు ఊరెళ్లినప్పుడు మిగతావన్నీ ఆపి అదొక్కటే ఉంచుకోవచ్చు, ఇంకోటేదో ట్రిప్ అయినా పాలు విరగవు. దక్షిణం గట్టు మొదటి బోర్డుకి ఒకటి, అందులోనే మధ్య బోర్డు, గ్రైండర్ కలుస్తాయి. వీటన్నిటికీ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 యాంపియర్ల ఎమ్‌సీబీ. రెండో బోర్డుకి ఒకటి, అక్కడ ఓవెన్, 2000 వాట్ల ఇండక్షన్ కలిసి నడవొచ్చు కాబట్టి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 యాంపియర్ల ఎమ్‌సీబీ. డిష్‌వాషర్‌కి ఒకటి. లైట్లు, చిమ్నీ, ఫిల్టర్ కలిపి ఒక చిన్న లైను. మొత్తం అయిదు. మెయిన్ బోర్డులో అన్ని ఖాళీలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడమనండి, లేకపోతే పెట్టె మార్చాలి. కరెంటు బిల్లు మీద మీకిచ్చిన లోడు ఎన్ని కిలోవాట్లో కూడా ఉంటుంది. ఏసీలతో కలిపి మీ వాడకం దాన్ని దాటేలా ఉంటే డిస్కమ్ (కరెంటు సరఫరా కంపెనీ) ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి.

వైర్ల మీద ఐఎస్ఐ గుర్తు, సైజు అచ్చు వేసి ఉంటాయి. చుట్ట విప్పేటప్పుడు మీ కళ్లతో చూడండి. సైజు తగ్గితే ధర తగ్గుతుంది, గోడలోకి వెళ్లాక ఎవరికీ తెలియదు.

ఎర్త్ గురించి ఒక మాట. మూడు రంధ్రాల ప్లగ్గు కనబడితే ఎర్త్ ఉన్నట్టే అనుకుంటాం. పాత ఫ్లాట్లలో ఆ మూడో రంధ్రం వెనక ఆకుపచ్చ వైరు ఉండదు, లేదా ఉండి ఎక్కడో తెగి ఉంటుంది. మెయిన్ బోర్డు దాకా ఎర్త్ సరిగ్గా వస్తోందో మీటరు పెట్టి చూపించమనండి. కింద అపార్ట్‌మెంట్ ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో వాచ్‌మన్‌ని అడగండి. వేసవిలో అది ఎండిపోతే పైన అయిదంతస్తుల్లో ఎర్త్ పేరుకే మిగులుతుంది.

దాంతోపాటు ఆర్‌సీసీబీ అనే పరికరం, 30 మిల్లీ యాంపియర్లది, వంటింటి లైన్లకి తప్పనిసరి. ఎమ్‌సీబీ కాపాడేది వైరుని, ఇది కాపాడేది మనిషిని. తడి చేత్తో గ్రైండర్ ముట్టుకున్నప్పుడు కరెంటు ఒంట్లోంచి నేలకి పోవడం మొదలైతే రెప్పపాటులో ఆపేస్తుంది. పాత ఇళ్లలో ఇది పెట్టిన వారానికి మాటిమాటికీ పడిపోతుంది, ఎలక్ట్రీషియన్ "ఈ పీస్ బాలేదండీ, తీసేద్దాం" అంటాడు. చాలాసార్లు బాలేనిది పీస్ కాదు. ఒక లైను న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) తీసుకెళ్లి ఇంకో లైనులో కలిపి ఉంటారు, లేదా ఏదో పాత మెషీన్ కరెంటు కారుస్తూ ఉంటుంది. ఒక్కో మెషీన్ తీసి చూస్తూ పోతే దొంగ దొరుకుతుంది. మా అమ్మ వాడిన గ్రైండర్ అలాగే దొరికింది. "ముట్టుకుంటే చిమచిమలాడుతుంది, అంతే" అంటూ పదేళ్లు రుబ్బిందావిడ. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని ఒక బొత్తాం ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి, టప్పున పడిపోవాలి.

మీ ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో అది రూలు. గట్టు వెనక గోడ మీద ఏ చోట నిలిపి చూసినా 24 అంగుళాల లోపు ప్లగ్గు ఉండాలని అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది, అందుకే రెంటి మధ్య నాలుగడుగులు దాటదు. వంట సామాన్లకి అక్కడ పొట్టి వైర్లు పెడతారు, దానికి తగ్గ లెక్క అది. పైగా అక్కడ ప్లగ్గుకి స్విచ్ ఉండదు, చిన్నగా గోడలో కలిసిపోతుంది. మనకి ప్రతి సాకెట్ పక్కనా స్విచ్ కావాలి, బోర్డు పెద్దదవుతుంది, నాలుగడుగులకొకటి పెడితే టైల్స్ అందమంతా పోతుంది. ఆవిడ దగ్గర్నుంచి తెచ్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి. గట్టు ప్లగ్గులకి కనీసం రెండు వేరు వేరు లైన్లు ఉండాలంటారు అక్కడ. ఆ ప్లగ్గులన్నింటికీ మన ఆర్‌సీసీబీ లాంటి రక్షణ ఉండాలంటారు, అదీ ఇంకా సున్నితమైంది, 5 మిల్లీ యాంపియర్ల దగ్గరే ఆపేస్తుంది. తెచ్చుకోకూడనివి, ఈసారి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొస్తానంటే, అక్కడి కుక్కరూ బ్లెండరూ. అవి 120 వోల్టులవి. పిన్ను మార్చి మన ప్లగ్గులో పెడితే ఒక్కసారే పనిచేస్తాయి, పొగతో సహా.

గ్రానైట్‌లోంచి లేచే ప్లగ్గు గురించి మీవారికి నా మాటగా చెప్పండి. టీవీలో బావుంటుంది. రోజుకి మూడుసార్లు తడిగుడ్డ పడే గట్టు మీద, సాంబారు పొంగే గట్టు మీద, రంధ్రం చేసి అందులో కరెంటు పెట్టడం నాకు నచ్చదు. ఆ డబ్బుతో ఆర్‌సీసీబీ కొనండి. స్విచ్‌ల ఫినిషింగ్ మీ ఇష్టం, అద్దంలా మెరిసేవి మాత్రం వద్దు, పసుపు వేళ్ల ముద్రలు పొద్దున్నే కనబడతాయి.

గాడులు కొట్టి, వైర్ల పైపులూ బోర్డుల పెట్టెలూ బిగించాక, మేస్త్రీ వాటిని పూడ్చేలోపు ప్రతి గోడకీ టేపు నిలువుగా, అడ్డంగా పట్టి ఫోటోలు తీయండి. కొత్త వంటింట్లో గరిటెల స్టాండు బిగించాలని రెండేళ్ల కిందట మా పక్కింటివాళ్లు డ్రిల్ పెడితే సరిగ్గా పైపులోకే దిగింది, సగం ఇల్లు చీకటి. మళ్లీ టైల్ పగలగొట్టాల్సి వచ్చింది, ఆ రంగు టైల్ ఊళ్లో ఎక్కడా దొరకలేదు. అందుకే టైల్స్ కూడా ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయండి.

మీరు లేఖలో ఫ్రిజ్ రాశారు, గ్రైండర్ రాశారు, ఆడపడుచుని కూడా రాశారు. గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. స్టవ్ కింద గూటిలోనే అయితే, ఆ గూటిలో గానీ, దానికి ఆనుకుని నేల దగ్గర గానీ ఏ ప్లగ్గూ స్విచ్చూ ఉండకూడదు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నీళ్లలా నేల మీద పేరుకుంటుంది, మూసిన గూటిలో మరీను. స్విచ్ వేసినప్పుడు లోపల వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. గూడు తలుపులకి అడుగున గాలి పోయే కంతలు పెట్టించండి. సిలిండర్ బాల్కనీలో పెట్టి పైపు లోపలికి తెస్తున్నారా? అప్పుడు అక్కడ వాషింగ్ మెషీన్ ప్లగ్గు ఉంటే దాన్ని సిలిండర్‌కి అవతలి గోడకి, నాలుగడుగుల ఎత్తుకి జరపాలి, నేను పైన చెప్పిన అత్తగారి గ్రైండర్ ప్లగ్గు కూడా ఆ తలుపు పక్కనే కాబట్టి చోటు మారాల్సి రావచ్చు. సుద్ద గుర్తులు పెట్టాక ఒక కాగితం మీద గది గీసి, సిలిండర్ చోటుతో సహా పంపండి. అది చూశాకే గోడ కొట్టమందాం.